నైరుతి మూల గుంత

నేను ఒక గుంతను. నవ్వకండి. నాణేలూ గడియారాలూ సైకిళ్లూ తమ కథ చెప్పుకుంటే చెవులు రిక్కించి వింటారు కదా, గుంత చెప్పుకుంటే తప్పేమిటి? మీ భాషలో నా జాతికి ఒక్క మంచి మాట లేదని నాకు తెలుసు. మోసగాడు గోతులు తవ్వుతాడు, మోసపోయినవాడు గోతిలో పడతాడు, ఆశపోతు గోతి కాడ నక్కలా కాచుకుని కూర్చుంటాడు. అందుకే నేనెవరినో ముందే చెప్పేస్తున్నాను. నేను ఇంకుడు గుంతను. పైన పడ్డ వాన నీళ్లు తాగి, కింద భూమికి తాగించడం నా పని. ఇన్నేళ్లలో నాలో ఒక్క పిల్లి కూడా పడలేదు.

హైదరాబాదుకు పడమటి శివారున, రాతినేల మీద, గంగోత్రి ఎన్‌క్లేవ్ అని మూడంతస్తుల పాత భవనం ఒకటుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, ఆ గంగోత్రిలో ఎండాకాలం వస్తే మొహం కడుక్కోవడానికి కూడా నీళ్లుండేవి కావు. నాకంటే ముందు అక్కడ నాకొక అన్న ఉండేవాడట. ఇంకుడు గుంత లేకపోతే భవనానికి అనుమతి రాదన్నారని బిల్డరు ఒక గొయ్యి తవ్వించాడు. దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. మర్నాడు పూడ్పించి దాని మీద కార్లు పెట్టుకోవడానికి బండలు పరిపించాడు. మా అన్న ఆయుష్షు ఒక ఫోటో. ఆ ఫోటోలో చాలా అందంగా ఉన్నాడని అందరూ అనేవారు.

నన్ను కన్నది మాత్రం నరహరి గారు. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కింది అంతస్తులో, నైరుతి మూల ఫ్లాట్ ఆయనది. భార్య పేరు హైమవతి. పిల్లలు లేరు. రిటైరైనవాళ్లు తీర్థయాత్రలకు పోతారు, లేదంటే పేపరు చదివి దేశాన్ని తిడతారు. ఈయనకు రెండూ పట్టలేదు. అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిని చేయగానే ఇంటింటికీ తిరిగి కుళాయిల మూతులకు సన్నచిల్లుల బిళ్లలు బిగించాడు. నీళ్లు సగమే పడతాయి, పని అంతా జరుగుతుంది అని చెప్పాడు. ఆయన మెట్లు దిగేలోపే సగం ఇళ్లవాళ్లు ధార రావడం లేదని వాటిని పీకేశారు.

మనిషి అంతటితో ఆగలేదు. జోరున వాన పడుతుంటే ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో చాక్‌పీసు పట్టుకుని బయల్దేరేవాడు.

"గింత వానల ఏడికి పోతున్రు? జరమొస్తె నేను జెయ్య సూడు" అని హైమవతి గుమ్మంలోంచి అరిచేది.

"నీళ్లేడికి పోతున్నయో జూసొస్త, హైమా."

"ఏడికి పోతయి? మోరిలకే పోతయి. వాటెనక మీరు గూడ పోతరా ఏంది?"

ఆయన నిజంగానే నీళ్ల వెనకే పోయేవాడు. నీళ్లు ఎటు మళ్లితే అటు గోడ వెంట గీత గీసుకుంటూ పోయి, వాన వెలిశాక మిగిలిన గీతలన్నీ కలిపి చూసుకున్నాడు. ఆవరణలో ఎక్కడ పడ్డ చినుకైనా చివరికి తన పడకగది కిటికీ కింద, నైరుతి మూలకే వచ్చి చేరుతోంది. అక్కడే నన్ను తవ్వించాడు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, ఆపైన సన్న కంకర, అన్నిటికీ పైన ఇసుక. మధ్యలో భూమి లోతుకు దిగిన చిల్లుల గొట్టం. డాబా మీది నీళ్ల పైపును కూడా నా వైపుకే తిప్పాడు. నా అంచు చుట్టూ ఇటుకలతో చిన్న కట్ట కట్టి ఒక నియమం కూడా పెట్టాడు. వాన నీళ్లే లోపలికి రావాలి, బట్టలుతికినవీ అంట్లు తోమినవీ ఒక్క బొట్టు కూడా రాకూడదు. ఆయన కట్టకు ఇవతల నిలబడి కాపలా కాస్తుంటే హైమవతి టీ గ్లాసు చేతికిచ్చి, "నన్ను జేసుకునే బదులు గీ గుంతను జేసుకోకపోతిరా" అనేది. ఆ మాటకు నాకే సిగ్గేసేది.

మొదటి వాన తాగినప్పుడు నాకు ఊపిరాడలేదు. డాబా మీది దుమ్ము, పావురాల ఈకలు, ఎండుటాకులు అన్నీ కలిసి ఒక్కసారిగా మీద పడ్డాయి. ఇసుక చెత్తను పట్టుకుంది, కంకర నీటిని నెమ్మదింపజేసింది, నేను గుటకలు వేస్తూ కిందికి పంపాను. ఆ వచ్చే ఎండాకాలం గంగోత్రిలో బోరు ఎండలేదు. చుట్టుపక్కల భవనాలకు ట్యాంకర్లు క్యూ కట్టాయి గానీ మా గేటులోకి ఒక్కటీ రాలేదు. ఆ గొప్పతనం నాకిచ్చారనుకున్నారా? సంఘం అధ్యక్షుడు మాణిక్యరావు గారు బోరు దగ్గర కొబ్బరికాయ కొట్టి, "ఈశాన్యంలో బోరు వేశామండీ, అందుకే ఇంత చల్లగా ఉన్నాం" అన్నారు. నరహరి గారు నవ్వి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. గుంతకు పొగడ్త ఎందుకు, వాన పడితే చాలు.

ఇక అసలు కథకు వస్తాను. 

ఒక పొద్దున నరహరి గారు స్నానాల గదిలో కూలిపోయాడు. పక్షవాతం. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడిపక్కంతా చచ్చుబడింది, మాట పడిపోయింది. పలక తెచ్చి ఎడమచేతికి బలపం ఇస్తే అక్షరం చిక్కలేదు. ఎడమకన్ను, ఎడమచేయి, గొంతులోంచి ఒక మూలుగు, అంతే మిగిలాయి ఆయనకు. ఆయన మంచం నా పక్క కిటికీ దగ్గరే వేశారు. ఆ గదిలో మాట నాకు స్పష్టంగా వినబడుతుంది.

ఆస్పత్రిలో ఎవరో, ఇలాంటివాళ్లను చూసుకునే హోములున్నాయి, అక్కడ వేయమని సలహా ఇచ్చారట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. ఇంటికొచ్చిన రోజు ఆమె ఆ చేతిని తన తల మీద పెట్టుకుంది.

"మిమ్ముల్ని ఏ హోముల ఎయ్య. నా చేతుల మీదనే, మనింట్లనే ఉంటరు. ఒట్టు."

అప్పుడు గానీ ఆయన కొంగు వదల్లేదు.

ఒట్టు నిలబెట్టుకోవడం అంటే నీళ్లు. మంచాన పడ్డ మనిషిని ఇంట్లో ఉంచుకోవడం అంటే ఏమిటో చూసినవాళ్లకు తెలుసు. దుప్పట్లు ఉతకాలి, మనిషిని ఉతకాలి, మళ్లీ దుప్పట్లు ఉతకాలి. పొద్దునా సాయంత్రం ఆమె గోరువెచ్చటి నీళ్లు పెట్టి, ఆయన్ను పక్కకు తిప్పి, వీపు కడిగి తుడిచేది. ఆ వేళ ఆయన గొంతులోంచి వచ్చే మూలుగు వేరుగా ఉండేది. అది హాయి అని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. "నీళ్ల పిచ్చి ఇంకా పోలే మీకు" అని ఆమె నవ్వేది.

ఆ రోజుల్లోనే మాణిక్యరావు గారు ఒక వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. తోటి మనిషికి కష్టం వస్తే చూస్తూ ఊరుకోలేని రకం, అదే అసలు చిక్కు. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని ఆవరణంతా తిరిగి, నా దగ్గరికి వచ్చి అడుగు వెనక్కి వేశాడు.

"నైరుతిలో గొయ్యా! ఎంత పని చేశారండీ. నైరుతి ఎప్పుడూ ఎత్తుగా, బరువుగా ఉండాలి. పల్లం ఉంటే ఆ ఇంటి యజమానికే కీడు. ఇంకా ప్రాణంతో ఉన్నాడంటే అది ఆ తల్లి పసుపుకుంకుమల బలం."

హైమవతి మొహంలో రక్తం లేదు. నన్ను తవ్వింది ఆయనే. ఆయన మంచం పక్కనే నేనున్నాను. ఆమె మనసులో ఆ రెండూ ముడిపడిపోయాయి. ఒకరిద్దరు బోరు సంగతి ఎత్తబోయారు గానీ ఆమె చేతులు జోడించింది.

"మీ కాళ్లు మొక్కుత. మూసేయుండ్రి. బోరెట్లనో గట్ల అయితది. నా మనిషి నాకు గావాలె."

ఆ మాట తర్వాత ఇంకెవరు నోరెత్తుతారు? ఈశాన్యంలోని బోరు తాగే నీళ్లు నైరుతిలోని నా కడుపులోంచే పోతున్నాయని సిద్ధాంతి శాస్త్రంలో ఎక్కడా లేదు కాబోలు. మంచిరోజు చూశారు. గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు కోశారు. నన్ను మట్టితో పూడ్చాలన్నారు గానీ మట్టి మోయించే ఓపిక ఎవరికీ లేకపోయింది. నా నోటి మీద ఒక రాతి పలక వేసి, సిమెంటు పూసి, టైల్సు అతికించి, బరువు ఉండాలి కదా అని ఆపైన సిమెంటు బల్ల ఒకటి పెట్టేశారు. డాబా పైపును వీధి మురుగు మోరీ వైపు తిప్పారు. ఆ బద్ధకమే తర్వాత నన్ను బతికించింది, అది వేరే సంగతి.

మూసేటప్పుడు నరహరి గారిని చక్రాల కుర్చీలో తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. పలక నా మీదకు జరుగుతుంటే ఆయన ఎడమచేయి గాలిలో కొట్టుకుంది. గొంతు చించుకుని మూలిగాడు. కన్నీళ్లు చొక్కా మీదికి కారాయి. వెలుతురు పోయేముందు నేను ఆఖరిగా చూసింది ఆ మొహమే. ఇక్కణ్నుంచి చెప్పేదంతా విన్నదీ, నా నెత్తి మీద తగిలిందీ.

"చూశారా, ఎంత ఊరట పడుతున్నారో పాపం" అన్నారు మాణిక్యరావు గారు.

హైమవతి కొంగుతో ఆయన కళ్లు తుడుస్తూ, "ఏడ్వకుండ్రి. ఇగ అంత మంచిగనే అయితది" అంది. నేను లోపలి నుంచి అరిచాను. గుంత అరుపు ఎవరికి వినబడుతుంది?

ఆ వానాకాలమంతా నా నెత్తి మీద నుంచి నీళ్లు చప్పుడు చేసుకుంటూ వీధిలోకి పోయాయి. నా ఇసుక ఎండి పొడిపొడి అయింది. సంక్రాంతి దాటగానే బోరు దగ్గడం మొదలుపెట్టింది. హోలీ నాటికి మోటారు వేస్తే గాలీ బురదా వచ్చేవి. ఆ తర్వాత గాలి ఒక్కటే.

ట్యాంకర్లు వచ్చాయి. రోజూ కాదు, వచ్చినప్పుడే. కుళాయిలో నీళ్లు ఒక గడియ వచ్చి ఆగిపోయేవి. మూడో అంతస్తువాళ్లు, కిందివాళ్లు ముందే పట్టేసుకుంటున్నారని అరిచేవారు. కిందివాళ్లు, పైవాళ్లు మోటారు పెట్టి లాగుతున్నారని తిట్టేవారు. పండక్కి పాయసాలు పంచుకున్నవాళ్లే బకెట్ల కోసం ఒకరి తల్లిని ఒకరు తిట్టుకుంటుంటే నా రాళ్లు కూడా బిగుసుకుపోయేవి.

హైమవతి మొదట తన స్నానం మానేసింది. తర్వాత తన బట్టలు ఉతకడం మానేసింది. అన్నం వండటం ఒక పూటకు తెచ్చింది, గిన్నెలు కడగాలి కదా. మిగిలిన ప్రతి చెంబూ ఆయన మంచం దగ్గరికే. అయినా చాలలేదు. స్నానం పోయి తడిగుడ్డ తుడుపు వచ్చింది. దుప్పటి తడిసినా ఎండబెట్టి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆయన వీపు మీద మొదట ఎర్రగా కందింది, తర్వాత చర్మం లేచింది, తర్వాత పుండు పడింది. ఆమె బకెట్ పట్టుకుని మెట్లెక్కి తలుపులు తట్టేది. కొందరు చెంబెడు పోశారు. కొందరు లోపలే ఉండి తలుపు తీయలేదు. తిరిగొచ్చి నా మీది బల్ల మీద కూర్చుని, ఆయనకు వినబడకుండా నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేది. ఆమె బరువంతా నా నెత్తి మీద ఉండేది.

ఒక మధ్యాహ్నం అకాల వర్షం కురిసింది. వానంటే ఒకప్పుడు ఆ కొంప ఎంత సంబరపడేదో! ఇప్పుడు ఆవరణ నీళ్లన్నీ పాత అలవాటు కొద్దీ నైరుతి మూలకే పరుగెత్తుకొచ్చి, దారి లేక బల్ల చుట్టూ చీలమండల లోతున నిలిచిపోయాయి. పైవాళ్లు చీపుళ్లు తెచ్చి, కార్లు పాడవుతాయని ఆ నీళ్లన్నిటినీ వీధి మోరీలోకి ఊడ్చేశారు. కిటికీలోంచి అది చూసి నరహరి గారు ఏడ్చాడు. ఎడమచేయి కిటికీ ఊచలకేసి కొట్టుకున్నాడు, అదే గొంతు, అదే మూలుగు. నన్ను మూసిన రోజున ఏడ్చిన ఏడుపు.

హైమవతి చేతిలో తడిగుడ్డ జారిపోయింది. ఊడ్చుకుపోతున్న నీళ్ల వంక చూసింది, మొగుడి మొహం చూసింది.

"అయ్యో... అయ్యో, ఆనాడు గూడ గిదేనా! వద్దనేనా మీరేడ్చింది? నేనెంత పాపిని!"

పరుగెత్తుకెళ్లి మాణిక్యరావు గారిని తీసుకొచ్చింది. గుంత తెరవమంది. ఆయన వచ్చి బల్ల ముందు నిలబడ్డారు.

"హైమవతి గారూ, మూయమన్నది మీరే. సరే, అది వదిలేయండి. కానీ ఇప్పుడు తెరిచాక ఆయనకేమన్నా అయితే? రేపు నన్ను నేను క్షమించుకోగలనా? మీరు క్షమించుకోగలరా?"

 అంత తెలిసినా భయం పోలేదు, ఆమె తప్పు కాదది. తెరిస్తే యజమానికి కీడు, తెరవకపోతే పుండ్లు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఇక్కడ నుయ్యి ఎండిపోయింది, గొయ్యి మూసుకుపోయింది. ఆమె రోజూ నా మీద కూర్చుని టైల్స్ మీద అరచేయి పెట్టేది. తీసేది. మళ్లీ పెట్టేది.

ఇంతలో నరహరి గారి చెల్లెలు అనసూయ చూడ్డానికి వచ్చింది. అన్న వీపు మీది దుప్పటి తొలగించి చూసి, మళ్లీ కప్పింది.

"వదినా, గిట్లుంచితే మా అన్న బతకడు. హోముల ఎయ్యాలె. ఆడ నీళ్లుంటయి, నర్సులుంటరు. నీ ఒట్టు నా నెత్తి మీద ఏస్కుంట, పంపియ్యి."

వ్యాను వచ్చింది. ఆయన్ను స్ట్రెచర్ మీద గుమ్మం దాటిస్తుంటే ఎడమచేయి తలుపు రెక్కను పట్టుకుంది. హైమవతే ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది. నేను చూడలేదు, విన్నాను. "వానకాలం రానియ్యుండ్రి, తోల్కొస్త. ఒట్టు" అంటోంది. రెండో ఒట్టు. ఆయన మూలగలేదు.

వ్యాను చప్పుడు వీధి మలుపు దాటింది. ఆమె లోపలికి పోలేదు. మొక్కల పాదులు చేసే గునపం తీసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. బల్లను తోసి పడేసింది. మొదటి దెబ్బకు టైలు పగిలింది. పైనుంచి ఎవరో అరిచారు. మాణిక్యరావు గారు చెప్పుల్లేకుండా దిగి వచ్చారు.

"అమ్మా, ఆగండి, యజమానికి కీడు..."

"యజమాని ఏడున్నడయ్యా? పంపిస్తి గదా! ఇంట్ల మనిషే లేనప్పుడు కీడు ఎవనికి?" అని మళ్లీ ఎత్తింది గునపం.

ఆయన రెండడుగులు ముందుకు వేశారు. తర్వాత వంగి, పగిలిన పెంకులు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. పలక జరిగింది. నా మీద వెలుతురు పడింది. ఆమె అరచేతులు బొబ్బలు కట్టి పగిలాయి. డాబా పైపు కూడా తానే నా వైపు తిప్పుకుంది.

తొలకరి వచ్చింది. నేను తాగాను. అంత ఆబగా నేనెప్పుడూ తాగలేదు. కానీ భూమికి తొందర తెలియదు. ఎంత పంపినా లోపలి రాయి మెల్లగా, తన ఇష్టమొచ్చినట్టే పీల్చుకుంటుంది. ఆమె రోజూ మోటారు వేసి, గొట్టానికి చెవి ఆనించి వినేది. గాలి. ఆపి, నా అంచున కూర్చుని, "జల్ది జెయ్యవే తల్లీ" అని నన్ను బతిమాలేది. ఎవరూ నన్ను అంతకుముందు తల్లీ అని పిలవలేదు. నా చేతిలో ఉన్నదైతే రాళ్లు పిండి అయినా ఇచ్చేదాన్ని.

బతుకమ్మ పండుగ ముందర ఒక పొద్దున మోటారు దగ్గి, బురద కక్కి, ఆ తర్వాత తేటగా పోసింది. ఆమె ఆ నీళ్లు దోసిలితో పట్టి మొహాన కొట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. ఆ పూటే హోముకు ఫోను చేసింది. రేపు తెల్లారి తోల్కరమ్మంది. ఇల్లంతా కడిగింది. డ్రమ్ములు నింపింది. ఉతికిన దుప్పటి వేసింది. మర్నాడు చీకటితోనే లేచి నీళ్లు కాగబెట్టింది.

వ్యాను వచ్చింది. దిగినవాళ్ల అడుగుల్లో తొందర లేదు. అనసూయ మాత్రం వ్యానులోంచి దిగకుండానే ఏడుస్తోంది. అర్ధరాత్రి దాటాక పోయాడట. వదినకు ఫోనులో ఎలా చెప్పాలో తెలియక ఇంటికే తెచ్చేశారు.

జనం చేరారు. వెనకాల ఎవరో అననే అన్నారు, "గుంత తెరిచారు, యజమాని పోయాడు" అని. మళ్లీ మూయించాలని ఇంకో గొంతు. మాణిక్యరావు గారు తల వంచుకుని నిలబడ్డారు. హైమవతి వాళ్ల వైపు తిరిగింది. కేకలు వేయలేదు.

"మూయుండ్రి. ముందుగాల నన్ను అండ్ల ఏసి మూయుండ్రి."



ఆయన్ను ఆవరణలో బల్ల మీద పడుకోబెట్టారు. నా నెత్తి మీద పెట్టిన ఆ సిమెంటు బల్లే. కాగిన నీళ్లు తెచ్చి ఆమె తానే పోసింది. చెంబుతో కాదు, బకెట్లతో. వీపు కింద చేయి పెట్టి ఎత్తి, ఆ పుండ్ల మీద మెల్లగా, ఎన్నడూ పోయనంత నీరు పోసింది. "చాలమ్మా" అని ఎవరో అంటే, "చాలవు. ఆయనకు ఎన్నడూ చాలలే" అంది.

ఆ నీళ్లు బల్ల మీద నుంచి జారి, గోడ వెంట, ఒకప్పుడు ఆయన గొడుగు పట్టుకుని చాక్‌పీసుతో గీసిన దారిలోనే నడుచుకుంటూ నైరుతి మూలకు వచ్చాయి. వాడిన నీళ్లు ఒక్క బొట్టు కూడా రాకూడదని ఆయనే కట్టిన ఇటుకల కట్ట దగ్గర కాసేపు నిలిచాయి. హైమవతి వచ్చి, వంగి, ఒక ఇటుక తీసింది.

నేను తాగాను.